ఎవరూ తాకని ఆటలో ఇన్ని దెబ్బలెందుకు? పదమూడేళ్ల పాప మోకాలి నొప్పి గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు మారతహళ్లిలో ఉంటారు. పాపకు 13 ఏళ్లు, కుడిచేత్తో ఆడుతుంది. రెండేళ్లుగా బ్యాడ్మింటన్ అకాడమీలో ఉంది. ఈ వేసవి నుంచి ఒక్కపూట ఆట రెండు పూటలైంది. రెండు నెలలుగా కుడి మోకాలి చిప్ప కింద నొప్పి అంటోంది. కోచ్ గారు ఆడుతూ ఉంటే అదే సర్దుకుంటుందన్నారు, అమ్మమ్మ గారు ఆట మాన్పించేయమన్నారు, వచ్చే నెలలో టోర్నమెంటు ఉంది. చివర్లో మీరడిగిన మాట ఇది: "కబడ్డీలో, ఫుట్‌బాల్‌లో ఒకరినొకరు గుద్దుకుంటారు. మధ్యలో నెట్ ఉండి, ఎవరూ ఎవరినీ తాకని ఈ ఆటలో పెద్ద పెద్ద ఆటగాళ్లకే ఇన్ని ఆపరేషన్లు ఎందుకవుతున్నాయి? మా అమ్మాయిని అదే దారిలో పంపుతున్నామా?"

నాది గుంటూరు. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో స్పోర్ట్స్ ఫిజియోగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా షటిల్ ఆడేవాళ్లే. సాయంత్రం యాప్‌లో కోర్టు బుక్ చేసుకుని ఆడే ఐటీ ఉద్యోగులూ ఉంటారు, దేశానికి ఆడాలని ఊరు వదిలి వచ్చిన పిల్లలూ ఉంటారు. పాపను చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పడం తప్పు కాబట్టి ఆ పని చేయను. కానీ మీరడిగిన 'ఎందుకు' అన్నదానికి జవాబు ఉంది. అది తెలిస్తే పాప విషయంలో ఏం చేయాలో సగం మీకే అర్థమవుతుంది.

టీవీలో బ్యాడ్మింటన్ చూసేటప్పుడు మన కన్ను షటిల్ మీద ఉంటుంది. ఈసారి ఒక గేమ్ మొత్తం షటిల్‌ను వదిలేసి ఒకే ఒక్క ఆటగాడి పాదాలు చూడండి. సింగిల్స్‌లో ఒక వైపు కోర్టు 6.70 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పు. మధ్యలో నిలబడితే ఏ మూలకైనా రెండు మూడు అంగలే. అంత చిన్న చోటులో పరుగు ఎక్కడుంటుంది? ఒక్కసారిగా కదలడం, ఒక్కసారిగా ఆగడం, వెంటనే వెనక్కి తిరగడం, ఇంతే. సెకనుకో, సెకనున్నరకో ఒకసారి దిశ మారుతుంది. అందులో శరీరాన్ని అరగదీసేది కదలడం కన్నా ఆగడం.

అలిపిరి నుంచి తిరుమల మెట్లు ఎక్కినవాళ్లను అడగండి. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, అంతే. మొక్కు ఉండి కిందికి కూడా నడిచే వచ్చినవాళ్లయితే రెండు రోజులు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేరు. దిగడం తేలికే కదా, మరి ఆ నొప్పులెందుకు? దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా తొడ కండరం సాగుతూనే శరీర బరువును ఆపుతుంది. సాగుతూ ఆపడం కండరానికీ, దాన్ని ఎముకకు అతికించే టెండన్‌కూ అన్నిటికన్నా కష్టమైన పని. నెట్ దగ్గర పడే డ్రాప్ షాట్ అందుకోవడానికి ముందుకు వేసే ఆ పెద్ద అడుగు, కోచ్‌లు లంజ్ అంటారే, అది పూర్తి వేగంతో దిగిన ఒక మెట్టు. ఆ క్షణంలో ముందు కాలి మీద శరీర బరువుకు రెండింతలకు పైగా బలం పడుతుంది. మీ పాప 45 కిలోలు ఉందనుకుంటే, ఒక్క కాలు మీద 90 కిలోలకు పైమాట. అదీ ఒక సెషన్‌లో వందల సార్లు. కుడిచేత్తో ఆడేవాళ్లకు ముందుకు పడేది కుడికాలు. పాపకు నొప్పి ఏ కాలికని రాశారో గుర్తుందా?

ఇక రెండో రకం ఆగడం గాల్లోంచి కిందికి దిగడం. కుడిచేతి ఆటగాళ్లకు షటిల్ వెనక ఎడమ మూలకు వస్తే, వెనక్కి వాలి, ఎగిరి, తల మీదుగా కొడతారు. కొట్టాక ఎడమ కాలి మీద ఒంటరిగా దిగుతారు. అప్పటికి ఒళ్లు ఇంకా పక్కకే పోతూ ఉంటుంది, చూపు షటిల్ వెంట ఉంటుంది, మనసు తర్వాతి షాట్ మీద ఉంటుంది. పాదం నేలకు అంటుకుపోతుంది, మోకాలు లోపలికి మడత పడుతుంది. కీలు లోపల అడ్డంగా ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్, అంటే ఎముకలను కలిపి కట్టే తాడు లాంటిది, దాని పని పిక్క ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచడం. అది తట్టుకోలేని మెలి పడితే తెగుతుంది. తెగినవాళ్లలో చాలామంది 'టక్' మని వినపడిందంటారు. బ్యాడ్మింటన్‌లో ఏసీఎల్ తెగే పద్ధతుల్లో బాగా కనిపించేది ఇదే. రాకెట్ పట్టిన చేతికి అవతలి వైపు మోకాలు, ఓవర్‌హెడ్ కొట్టి దిగేటప్పుడు.

స్పెయిన్‌కు ఆడే కరోలినా మారిన్ ఎడమచేతి ఆటగత్తె. ఈ చెప్పిందంతా ఆమెకు అద్దంలో చూసినట్టు తిరగేసుకోండి. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో మన సైనా మీద ముందంజలో ఉండి, ఎగిరి దిగినప్పుడు కుడి మోకాలి ఏసీఎల్ తెగింది. ఆటగాళ్లంతా ఆ వీడియో చూశారు. కొందరు కోచ్‌లు పిల్లలకు చూపించరు, భయపడతారని. నేను మాత్రం చూపిస్తాను. 2021లో ఎడమ మోకాలు పోయింది, టోక్యో ఒలింపిక్స్ తప్పిపోయాయి. మళ్లీ లేచి వచ్చి 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందుండగా మళ్లీ కుడి మోకాలు. ఆ రోజు ఆమె కోర్టు మీద కూలబడి ఏడుస్తుంటే మా క్లినిక్‌లో టీవీ ముందున్న పిల్లలెవరూ మాట్లాడలేదు.

ఇది దురదృష్టం అని ఊరుకుంటే మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. మారిన్ లాంటి క్రీడాకారిణికి దిగడం రాదని కాదు. అలిసిపోయిన శరీరం దిగే పద్ధతి వేరు, తాజాగా ఉన్న శరీరం దిగే పద్ధతి వేరు. అందుకే అలసట గురించి చెప్పాలి.

పెద్ద స్థాయి సింగిల్స్‌లో ఒక ర్యాలీ సగటున 7 నుంచి 10 సెకన్లు. తర్వాత విరామం దానికి రెండింతలు ఉంటుంది. వినడానికి హాయిగానే ఉంది కదా? కానీ ఇది ఒక గంటకు పైగా సాగుతుంది. మ్యాచ్ మొత్తం మీద గుండె వేగం సగటున గరిష్ఠంలో 80 శాతానికి పైనే ఉంటుంది. 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు, అంతే విశ్రాంతి. ఊపిరి కుదుటపడే లోపు మళ్లీ సర్వీసు. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ గుర్తు చేసుకోండి. సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా 1 గంట 50 నిమిషాలు ఆడారు. రెండో గేమ్ చివరి పాయింటుకు 73 షాట్ల ర్యాలీ. సింధు ఎత్తు 179 సెంటీమీటర్లు. అంత ఎత్తు మనిషి నెట్ దగ్గర నేల మట్టానికి వంగి లేవడమంటే, పొట్టిగా ఉన్న ప్రత్యర్థి కన్నా ప్రతిసారీ ఎక్కువ దూరం తన బరువును దింపి లేపాలి. నూట పదో నిమిషంలో ఆ తొడలు లంజ్‌ను ఎలా ఆపి ఉంటాయో ఆలోచించండి. డబుల్స్ అయితే ఇంకా విచిత్రం, 2016 ఆసియా చాంపియన్‌షిప్‌లో ఇండోనేషియా, జపాన్ మహిళల జోడీలు 161 నిమిషాలు ఆడాయి.

కండరం అలిసిపోతే ఆపే పని ఆగదు, ఆ భారం వేరే చోటికి మారుతుంది. తొడ మోయాల్సింది మోకాలి టెండన్, పిక్క మోయాల్సింది మడమ వెనక టెండన్, నడుము కండరం మోయాల్సింది డిస్క్ మోస్తాయి. అవి నోరు లేనివి. ఒక పూటలో చెప్పవు, నెలల తర్వాత చెప్తాయి.

బెంగళూరు వాళ్లకు చిన్న విషయం. మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. గాలి కొంచెం పలచన, షటిల్ వేగంగా పోతుంది. అందుకే ఇక్కడ తక్కువ స్పీడ్ నంబర్ షటిల్ వాడతారు. విజయవాడ నుంచి, కాకినాడ నుంచి వచ్చిన పిల్లలు మొదటి రెండు వారాలు వెనక మూలకు ఆలస్యంగా చేరి, వెనక్కి పడుతూ కొడతారు. అలా కొడుతూనే భుజం, నడుము నొప్పులు తెచ్చుకుంటారు. ఊరు మారినప్పుడు తొలి పదిహేను రోజులు స్మాష్‌లు తగ్గించమని చెప్తాను.

భుజం మాట వచ్చింది కాబట్టి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది. ఐదు గ్రాముల షటిల్‌కు ఆ వేగం ఇవ్వడానికి చెయ్యి ఎంత వేగంగా తిరగాలో, కొట్టాక ఆ చేతిని అంత వేగంగానూ ఆపాలి. ఆపేవి భుజం వెనక ఉన్న చిన్న కండరాలు. మళ్లీ అదే ఆపే కథ, బండికి బ్రేకులా. 2024లో అతను భుజం నొప్పితో ఆసియా చాంపియన్‌షిప్‌కు దూరమయ్యాడు. ఇక డెన్మార్క్ ఆటగాడు విక్టర్ అక్సెల్సన్ రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి, 2025లో నడుము డిస్క్‌కు ఆపరేషన్ చేయించుకున్నాడు.

మడమ వెనక ఉండే అకిలెస్ టెండన్ తెగడం నా క్లినిక్‌లో ఎక్కువగా పిల్లల్లో చూడను, 35 దాటిన నాన్నల్లో చూస్తాను. వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం పొద్దున వార్మప్ లేకుండా కోర్టులోకి దిగి, వెనక్కి వేసిన అడుగు నుంచి ముందుకు దూకబోతారు. "ఎవరో వెనక నుంచి కాలితో తన్నారనుకుని తిరిగి చూశానండీ, ఎవరూ లేరు" అని ఇప్పటికి పది మందైనా ఇదే మాట నాతో అన్నారు. పాపను కోర్టులో దింపి పక్క కోర్టులో మీరూ ఆడుతుంటే, ఇది మీ కోసం.

పెద్ద ఆటగాళ్లకు ఇంకో భారం క్యాలెండర్. ర్యాంకింగ్‌లో పైనున్న సింగిల్స్ ఆటగాళ్లు వరల్డ్ టూర్‌లోని సూపర్ 1000, సూపర్ 750 అనే పెద్ద టోర్నమెంట్లన్నీ ఆడి తీరాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. టైటిల్ గెలవాలంటే ఆరు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు. సోమవారం విమానం, మంగళవారం ఇంకో దేశంలో మ్యాచ్. గాయం మానడానికి కావాల్సింది సమయం, వాళ్ల దగ్గర లేనిదీ అదే. కొరియా అమ్మాయి ఆన్ సే యంగ్ 2023 అక్టోబరులో ఆసియా క్రీడల ఫైనల్లో మోకాలి దెబ్బతోనే ఆడి గెలిచింది. 2024లో పారిస్‌లో స్వర్ణం గెలిచిన రోజునే, తన గాయాన్ని తమ దేశ బ్యాడ్మింటన్ సమాఖ్య తేలిగ్గా తీసుకుందని అందరి ముందూ చెప్పింది. 22 ఏళ్ల అమ్మాయి మెడలో పతకంతో ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఆమె స్మాష్ ఒక్కటే కాదు.

మీ పాపకు ఈ క్యాలెండర్ లేదు. అయినా ఆమె వారం లెక్క వేసి చూశారా? మీరు రాసిన దాన్ని బట్టి నేను వేశాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండున్నర, వారానికి ఆరు రోజులు. 27 గంటలు. ఎదిగే పిల్లల విషయంలో మేం పాటించే ఒక లెక్క ఉంది, వారంలో శిక్షణ గంటలు పిల్ల వయసు సంఖ్యను దాటకూడదు. 13 ఏళ్లకు 13 గంటలు. ఇది రాతి మీద గీత కాదు, పెద్ద అకాడమీల్లో మంచి పర్యవేక్షణలో ఇంతకన్నా ఎక్కువ ఆడే పిల్లలున్నారు. కానీ రెట్టింపు దాటాక నొప్పి వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందులోనూ ఒక్క నెలలో ఒక పూట నుంచి రెండు పూటలకు పెంచారు. పిల్లల శరీరం ఎక్కువ భారాన్ని మోయగలదు, హఠాత్తుగా పెరిగిన భారాన్నే మోయలేదు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, టెండన్‌కూ ఎముకకూ నెలలు పడుతుంది. పాప అలిసిపోవడం లేదని మీరు మురిసిపోయే సమయంలోనే మోకాలు వెనకబడి ఉంటుంది.

పైగా ఇది ఎదిగే వయసు. గత ఏడాదిలో బూట్ల సైజు మారిందా, గౌన్లు పొట్టివయ్యాయా? ఎముక పొడవు పెరిగినంత త్వరగా తొడ కండరం సాగదు. ఆ బిగుసుకున్న కండరం, చిప్ప కింద ఎముక మీద తాను అతుక్కున్న చోటును లాగుతూ ఉంటుంది. పిల్లల్లో అక్కడ ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది. చిప్పకు రెండు మూడు వేళ్ల కింద, ఎముక బుడిపె మీద నొక్కితే 'అబ్బా' అందంటే చాలాసార్లు ఇదే. దీన్ని ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. పేరు భయపెడుతుంది గానీ ఎదుగుదల ఆగాక దాదాపు అందరికీ తగ్గిపోతుంది. నొప్పి సరిగ్గా చిప్ప కొన కింద, మెత్తటి పట్టీ మీద ఉంటే అది టెండన్ నొప్పి కావచ్చు, ఎగిరే ఆటల్లో మామూలు. చిప్ప చుట్టూ, వెనక, ముఖ్యంగా మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటన్నర కారులో కాళ్లు మడుచుకు కూర్చుని లేచినప్పుడు ఎక్కువైతే అది ఇంకో రకం. అందుకే డాక్టర్ వేలితో నొక్కి చూడటం ముఖ్యం. ఎమ్మారై కన్నా ముందు అదే.

ఇవి ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఎముకల డాక్టర్‌కు చూపించండి: కీలు వాచడం, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు చాపలేకపోవడం, నడుస్తుంటే జారిపోయినట్టు అనిపించడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం. పిల్లల్లో మోకాలి నొప్పి తుంటి కీలు నుంచి కూడా రావచ్చు కాబట్టి కుంటుతూ నడిస్తే తుంటినీ చూడమనండి. ఆడపిల్ల కాబట్టి ఒక మాట, వాళ్ల అమ్మ ద్వారా అడిగించండి. నెలసరి మొదలై మళ్లీ కొన్ని నెలలుగా ఆగిపోయిందా? బరువు తగ్గుతోందా? తినేది చాలక, ఆడేది ఎక్కువైతే శరీరం ముందుగా ఆపేది నెలసరినే. ఆ తర్వాత ఎముక బలహీనపడి స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే ఎముకలో సన్నటి పగుళ్లు, వస్తాయి. పొద్దున ఐదింటికి ఖాళీ కడుపుతో సెషన్‌కు పంపకండి. ఒక అరటిపండు, గ్లాసు పాలు అయినా పడాలి. తిరిగి రాగానే గుడ్లో, పెసరట్టో, రాగి సంగటి పప్పో, ఏదైనా సరే కడుపు నిండా పెట్టండి. ప్రోటీన్ డబ్బాల కన్నా ఎక్కువ నిద్ర కావాలి. మీరు నాలుగున్నరకు లేపుతున్నారు, స్కూలు హోంవర్కు పదిన్నరకు అయిపోతోంది. ఆరు గంటల నిద్రతో ఏ టెండన్ బాగుపడదు.

సరే, ఏం చేయాలి? ఆట మాన్పించక్కర్లేదు. అమ్మమ్మ గారికి నా తరఫున చెప్పండి, ఆవిడ ఆందోళన న్యాయమే గానీ పూర్తిగా మంచమెక్కించినా టెండన్ బలహీనపడుతుంది. అదే సమయంలో 'ఆడుతూ ఉంటే పోతుంది' అన్నదీ సరికాదు. కోచ్ సార్‌తో గొడవ పడకండి. "మూడు వారాలు లంజ్‌లు, జంప్‌లు తగ్గించి, నిలబడి కొట్టే డ్రిల్స్, సర్వీసు, నెట్ దగ్గర చేతి పని ఎక్కువ చేయించగలరా సార్?" అని అడగండి. నేను చూసిన మంచి కోచ్‌లందరూ దీనికి ఒప్పుకున్నారు. రెండో పూట తీసేయండి. నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలో చెప్పమనండి. ఆడేటప్పుడు మూడు వరకు ఉండి, మర్నాడు పొద్దున మామూలుగా ఉంటే పర్వాలేదు. నాలుగు దాటినా, పొద్దున మెట్లు దిగేటప్పుడు ఎక్కువైనా నిన్నటి మోతాదు ఎక్కువైనట్టు.

దాంతోపాటు బ్రేకును బలపరచాలి. మనల్ని బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ గుర్తుందా? టెండన్ నొప్పికి మొదటి మందు అదే. గోడకు ఆనుకుని, మోకాళ్లు నొప్పి రాని కోణంలో వంచి 30 నుంచి 45 సెకన్లు, ఐదుసార్లు, రోజు మార్చి రోజు. రెండు వారాలు హాయిగా చేయగలిగితే కుర్చీ ముందు నిలబడి, ఒంటి కాలి మీద నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవడం. లేచేటప్పుడు రెండు కాళ్లూ వాడవచ్చు, మనకు కావాల్సింది దిగడం. చూస్తున్నప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా, పాదం వేళ్ల దిశలోనే ఉందా అని గమనించండి. వాలుతుంటే తుంటి పక్క కండరాలు బలహీనం అన్నమాట. పిక్కలకు మెట్టు అంచు మీద నిలబడి మడమలు నెమ్మదిగా కిందికి దింపడం. భుజానికి రబ్బరు బ్యాండుతో మోచేయి పక్కకు ఆనించి చేతిని బయటికి తిప్పడం. ఇవి విసుగు పుట్టించే పనులు. రాకెట్ లేదు, షటిల్ లేదు, చప్పట్లు లేవు. కానీ నా అనుభవంలో ఏ పిల్లలైతే వారానికి మూడు రోజులు వీటిని వదలకుండా చేశారో వాళ్లు మళ్లీ నా దగ్గరికి రావడం బాగా తగ్గింది.

నొప్పి తగ్గాక ఆగడం నేర్పాలి. చిన్నపిల్లలు ఆడే 'స్టాచ్యూ' ఆట లాంటిదే. నాలుగు అడుగులు పరుగెత్తి, చప్పట్లు కొట్టగానే లంజ్‌లో ఆగి రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. మడమ ముందు నేలకు తగలాలి, మోకాలు లోపలికి పోకూడదు, ఒళ్లు ముందుకు కుప్పకూలకూడదు. తర్వాత చిన్న ఎత్తు నుంచి ఒంటి కాలి మీద దిగి ఆగడం. దిగిన చప్పుడు వినండి. 'ధన్' మంటే తప్పు, పిల్లిలా దిగాలి. సెషన్ మొదట్లో చేయించండి, అలిసిపోయాక చేస్తే తప్పుడు పద్ధతే అలవాటవుతుంది.

బూట్ల సంగతి. పరుగు బూట్లతో ఆడిస్తుంటే ఇవాళే మార్చండి. వాటి మడమ ఎత్తు, అడుగు మెత్తన. పక్కకు ఆగినప్పుడు చీలమండ తిరిగిపోతుంది. బ్యాడ్మింటన్ బూట్ల అడుగు పలచగా, రబ్బరుతో ఉంటుంది. అడుగు నున్నగా అరిగిపోతే జారుతుంది, అప్పుడూ మార్చాలి. కింద చెక్క ఉండి పైన మ్యాట్ ఉన్న కోర్టు దొరికితే మంచిది, సిమెంటు మీద నేరుగా పరిచిన మ్యాట్ మీద రోజూ ఆడించవద్దు. పాప రాకెట్ తంతి ఎంత బిగింపు? పెద్దవాళ్లను చూసి 28 పౌండ్లు వేయించుకునే పిల్లల్ని చూస్తున్నాను. ఈ వయసులో 22 చుట్టూ ఉంటే మోచేయి బాగుంటుంది.

నొప్పి మాత్ర వేసి మ్యాచ్ ఆడించడం దయచేసి వద్దు. మాత్ర నొప్పిని ఆపుతుంది, లాగుడును ఆపదు. ముందు ముందు పెద్ద స్థాయికి వెళ్తే కొన్ని మందులతో డోపింగ్ సమస్య కూడా. కార్టిజోన్ ఇంజెక్షన్లన్నీ పోటీ సమయంలో 2022 నుంచి నిషేధం, ట్రామడాల్ అనే నొప్పి మందు 2024 నుంచి నిషేధం. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా 'మా పిల్ల ఆటగత్తె' అని ముందే చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి.

మీరు 'అదే దారిలో పంపుతున్నామా' అన్నారు. ఆ దారిలో తిరిగి లేచినవాళ్లూ ఉన్నారు. గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నొప్పితోనే స్వర్ణం గెలిచింది. తర్వాత ఎడమ కాలికి స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలితే ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుని ఐదు నెలలు ఆగి, 2023 జనవరిలో మళ్లీ దిగింది. సైనా 2016లో మోకాలి ఆపరేషన్ అయ్యాక 2017లో ప్రపంచ కాంస్యం, 2018లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. అదే సైనా 2024లో తన మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయిందని, ఆర్థరైటిస్ ఉందని చెప్పింది. రెండూ నిజమే. ఈ స్థాయి ఆటకు శరీరం ధర చెల్లిస్తుంది, ఆ ధర మన చేతుల్లో కొంత ఉంది. ఆ ధరను 13 ఏళ్లకే చెల్లించాల్సిన అవసరం లేదు.

ఏసీఎల్ లాంటిది ఎవరికైనా జరిగితే, ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలల లోపు పోటీల్లోకి దింపవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. దెబ్బ తగిలిన కాలి తొడ బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక 16 ఏళ్ల కుర్రాడిని, నేను వద్దన్నా ఆరో నెలలోనే జాతీయ టోర్నమెంటుకు తీసుకెళ్లారు. అదే మోకాలు మళ్లీ తెగింది. నేను ఇంకా గట్టిగా చెప్పాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఒక్క విషయం మోకాలికి సంబంధం లేనిది, అయినా వదలలేను. 2024 జూన్ 30న ఇండోనేషియాలోని యోగ్యకర్తలో, ఆసియా జూనియర్ చాంపియన్‌షిప్ మ్యాచ్ మధ్యలో చైనా కుర్రాడు ఝాంగ్ జిజీ కుప్పకూలాడు. గుండె ఆగింది. 17 ఏళ్లు. వైద్య సిబ్బంది కోర్టులోకి రావడానికి పట్టిన సమయం గురించి అందరూ ప్రశ్నించారు. ఆడుతుండగా స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి అన్నా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా పాపకు గుండె పరీక్ష చేయించండి. మీ అకాడమీలో ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉందా, ఎక్కడుంది, ఎవరికి వాడటం వచ్చు అని అడగండి. అక్కడ కూర్చునే తల్లిదండ్రులంతా కలిసి ఒక ఆదివారం సీపీఆర్ నేర్చుకోండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం. పెద్ద చదువు అక్కర్లేదు.

వచ్చే నెల టోర్నమెంటు వద్దు. మూడు వారాలు భారం తగ్గిస్తే నాలుగో వారం ఐదు మ్యాచ్‌లు ఆడించడం ఇప్పటి వరకు చేసిందంతా చెడగొట్టడమే. నొప్పి ఉన్న కాలి మీద పదిసార్లు గెంతి, మెట్టు మీద నుంచి నెమ్మదిగా దిగి, రెండింటిలోనూ నొప్పి రెండు దాటకపోతే, పొద్దున పూట రెండు వారాలు వరుసగా బాగుంటే, అప్పుడు లంజ్‌లు మొదలుపెట్టండి. తర్వాత జంప్‌లు, ఆ తర్వాత మ్యాచ్‌లు. రెండో పూట కావాలంటే వారానికి ఒక్క రోజు కలుపుకుంటూ పోండి.

ఈలోగా ఒక నోట్‌బుక్ కొని పాప చేతికే ఇవ్వండి, మీరు రాయకండి. ఎడమ పేజీలో ఆ రోజు ఎన్ని నిమిషాలు ఆడిందో, ఎంత కష్టంగా అనిపించిందో. కుడి పేజీలో మర్నాడు లేవగానే మోకాలి నొప్పి అంకె, రాత్రి ఎన్ని గంటలు పడుకుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లండి. మూడు వారాలయ్యాక ఆ పేజీల ఫోటోలు, డాక్టర్ వేలు పెట్టి ఎక్కడ నొప్పి అన్నారో ఆ మాట నాకు పంపండి, అంకెలు చూసి తర్వాతి ఆరు వారాలు ఎలా పెంచాలో రాస్తాను.